కొమ్ముల గూబను మొదటిసారి చూడాలనుకునేవారికి

ముందు ఒకటి తేల్చుకోండి. మీరు చూడాలనుకుంటున్నది ఏదో ఒక గుడ్లగూబనా, కొమ్ముల గూబనేనా?

ఏదో ఒకటైతే ఊరు దాటనక్కర్లేదు. విజయవాడ రైల్వే క్వార్టర్ల వైపో, గుంటూరు పాత పేటల్లోనో ముసలి వేపచెట్టు ఒకటి వెతుక్కుని దీపాలు పెట్టే వేళకి దాని కింద నిలబడండి. జానెడు పిట్ట ఒకటి తొర్రలోంచి తల బయటపెట్టి, గొంతికూర్చుని లేచినట్టు కిందికీ పైకీ ఊగుతూ మిమ్మల్నే చూస్తుంది. అది పైడికంటె. గోధుమరంగు ఒంటిమీద తెల్లచుక్కలు, నాలుగు కలిశాయంటే కుళాయి దగ్గర తగువులాంటి గోల. ఇంకొంచెం పెద్దది కావాలంటే తెల్లగూబ ఉంది. పాత గోదాముల్లో, గుడి గోపురాల్లో ఉంటుంది. మొహం అచ్చం తమలపాకు. మేం మిర్చి కమీషన్ కొట్లో రాత్రిళ్ళు లెక్కలు రాసుకునే రోజుల్లో ఎదుటి గోదాము రేకుల కింద ఒక జంట ఉండేది. అది బుసకొడితే కొత్త హమాలీలు పామనుకుని బస్తా కింద పడేసేవాళ్ళు.

కొమ్ముల గూబ లెక్క వేరు. నిలబడితే మూరా బెత్తెడు. బరువు కిలో నుంచి రెండు కిలోల దాకా తూగుతుంది. నెత్తిమీద రెండు ఈకల కుచ్చులు నిటారుగా లేచి ఉంటాయి. అవి కొమ్ములు కావు, చెవులూ కావు. చెవులు మొహానికి అటూ ఇటూ ఈకల చాటున ఉంటాయి. కాళ్ళకి వేళ్ళ దాకా ఈకలే, లాగు తొడుక్కున్నట్టు. ఇక కళ్ళు. నిమ్మపండు రంగు కాదు, బత్తాయి రంగు కాదు, బాగా పండిన కమలాపండు రంగు. ఫొటోలో ఎన్నిసార్లు చూసినా ఎదురుగా అది మీ వైపు తిరిగినప్పుడు ఫొటో ఏమీ చెప్పలేదని తెలుస్తుంది. చెట్టు తొర్రలు దీనికి సరిపడవు. కొండచరియలు, రాతి గోతులు, మట్టి గండ్లు దీని ఇళ్ళు. అవి మనకి కూతవేటు దూరంలోనే ఉన్నాయి కాబట్టే ఇదంతా రాస్తున్నాను.

మొదట ఇంట్లోవాళ్ళ సంగతి

నవ్వకండి, ఇదీ ఒక పనే. "గూబని చూడ్డానికి పోతున్నా" అని గడప దగ్గర అన్నారంటే ఆ సాయంత్రం ప్రయాణం ఆగిపోతుంది. మా మేనత్త వాళ్ళ ఊళ్ళో తెల్లగూబ ఒకటి వంటింట్లో దూరిందని ఆరు నెలలు ఆ ఇల్లు ఖాళీ చేసి, శాంతి చేయించుకుని గానీ మళ్ళీ అడుగుపెట్టలేదు. బెంగాల్ వైపు ఇదే పక్షిని లక్ష్మీదేవి పాదాల దగ్గర కూర్చోబెట్టి పూజ చేస్తారు. మనం గడప తొక్కనివ్వం. అశ్వత్థామ మర్రిచెట్టు కింద కూర్చుని, నిద్రపోతున్న కాకుల్ని గూబ చంపడం చూసి పాడు ఆలోచన నేర్చుకున్నాడని ఆ నేరం కూడా దీనిమీదే వేసేశాం. "పక్షులు చూడ్డానికి పోతున్నా" అనండి చాలు, అబద్ధం కాదు. వినకుండా వెళితే గూబ పగులుతుందని అమ్మ అంటే, అది వేరే గూబ.

ఎప్పుడు వెళ్ళాలి

సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా. అంతకు ముందో వెనకో కనపడదని కాదు. ఈ పక్షి నవంబరు నుంచి ఏప్రిల్ లోపు గుడ్లు పెడుతుంది. ఆ రోజుల్లో మగది తన హద్దులు చాటుకుంటూ సాయంత్రాలు బాగా పలుకుతుంది. ఫిబ్రవరిలో ఆ పలుకు ముమ్మరంగా ఉంటుంది. చీకట్లో కళ్ళతో వెతికి దీన్ని పట్టుకోవడం మనవల్ల కాదు, ముందు చెవికి దొరకాలి. అందుకే అది నోరు విప్పే కాలంలో వెళ్ళడం. ఎండాకాలం మన కొండరాళ్ళు రాత్రి ఎనిమిదింటికి కూడా పెనంలా కాలుతుంటాయి. వానలు పడ్డాక గడ్డి మోకాలెత్తు పెరుగుతుంది, అందులో రక్తపింజర ఉంటుంది. ఈ రెండు కాలాలూ వదిలేయండి.

వీలైతే శుక్లపక్షం దశమి నుంచి పౌర్ణమి లోపు ఒక రోజు చూసుకోండి. సూర్యుడు దిగేసరికే చంద్రుడు పైన ఉంటాడు. రాతి అంచుమీద కూర్చున్న గూబ ఆకారం ఆకాశానికి ఎదురుగా నల్లగా తెలుస్తుంది. మబ్బు, గాలి ఉన్న రోజు మానుకోండి. గాలిలో పలుకు వినపడదు.

చోటు వెతుక్కోవడం

అసలు పనంతా ఇక్కడే ఉంది, అదీ పగటిపూట చేయాలి.

ఈ గూబకి మూడు కావాలి. నిలువుగా తెగిన రాయి, దాని కింద ఎలుకలున్న పొలం, మనుషుల అలికిడి లేకపోవడం. మూడోది మన దగ్గర రోజురోజుకీ తగ్గుతోంది. ఇంద్రకీలాద్రి, గాంధీ కొండ వైపు దీపాలూ మైకులూ ఉండగా ఆశ పెట్టుకోకండి. కొండపల్లి అడవి ఉంది, కానీ అది రిజర్వు ఫారెస్టు. పొద్దుగూకాక లోపల ఉండాలంటే అటవీ శాఖ అనుమతి ఉండాలి. కొండవీడు కొండల చుట్టూ, గుంటూరు నుంచి నరసరావుపేట పోయే రోడ్డులో పేరేచర్ల, ఫిరంగిపురం దిక్కున, మంగళగిరి కొండ వెనక, ఉండవల్లి నుంచి సాగే గుట్టల వరుసలో... ఇలాంటి చోట్ల కొండ పాదం దగ్గర పొలాల అంచున నడిచి చూడండి. కోటలోకి ఎక్కక్కర్లేదు. కోటలు మనుషులకి, గూబకి కోట కింద మినపచేను ముఖ్యం.

రాయి కొట్టడం ఆపేసి ఏళ్ళైన పాత క్వారీలు దీనికి మంచి నివాసాలు. మనిషి కొండని నిలువునా కోసి వదిలేస్తే, అది వచ్చి సొంత చరియ అనుకుని కాపురం పెడుతుంది. పని నడుస్తున్న క్వారీ జోలికి మాత్రం వెళ్ళకండి. వదిలేసిన వాటిలోనూ నీళ్ళు నిండిన గుంత ఉంటే దాని అంచుకి ఇరవై అడుగుల ఇవతలే ఆగండి. ఆ గుంతలకి మెట్టు, గట్టు ఏమీ ఉండవు. కాలు జారితే నిలువు లోతే. చీకట్లో నీళ్ళకీ నేలకీ తేడా తెలీదు.

రాతి గోడని పగటి వెలుగులో తీరిగ్గా చూడండి. ఒకే చోట నుంచి కిందికి సున్నం ఒలికినట్టు తెల్లచారలు కనపడితే అది ఏదో పెద్ద పిట్ట రోజూ కూర్చునే చోటు. గద్దదీ కావచ్చు, గూబదీ కావచ్చు. తేల్చుకోవాలంటే ఆ చార కింద నేలమీద చూడాలి. గూబ ఎలుకని ముక్కలు చేసో, మొత్తంగానో మింగేసి, అరగని ఎముకల్నీ బొచ్చునీ ఉండగా చుట్టి కక్కుతుంది. ఎండిపోయిన ఆ ఉండని పుల్లతో విడదీస్తే లోపల ఎలుక దవడలు, పళ్ళు అన్నీ కనపడతాయి. మొదటిసారి నాకు దొరికిన ఉండలో పందికొక్కు పళ్ళు రెండు ఉన్నాయి, పసుపచ్చగా. ఆ పూట గూబ కనపడలేదు గానీ, ఆ పళ్ళు చూశాక నాకు నిద్రపట్టలేదు. చేత్తో ముట్టుకోకండి. చూసి అక్కడే వదిలేయండి.

ఇంకో గుర్తు కాకులు. మధ్యాహ్నం పూట కాకులన్నీ ఒకే పొద చుట్టూ, ఒకే బండ చుట్టూ మూగి గొంతు చించుకుంటున్నాయంటే, మధ్యలో పాపం ఒక గూబ కళ్ళు అరమోడ్చి కూర్చుని ఉండొచ్చు. రాత్రి జరిగిన దానికి పగలు పంచాయతీ అది.

వీటన్నిటికన్నా సులువైన దారి మేకలు కాసేవాళ్ళని అడగడం. నాకు చోటు చెప్పింది ఒక పెద్దాయనే. ఈ చుట్టుపక్కల మెడలో బైనాక్యులర్ వేసుకుని పొలాల్లో తిరిగేవాడంటే రియల్ ఎస్టేటో, సర్వేనో అనుకుంటారు. ఆయనా అలాగే అడిగాడు.

"ఏం బాబూ, కొలతలకొచ్చారా?"

"కాదు తాతా. ఇక్కడ పెద్ద గూబ ఉందంటే చూద్దామని."

"గూబనా? పెట్రోలు పోసుకుని వచ్చావా దానికోసం?" అని కాసేపు నా బండిని, నన్ను మార్చి మార్చి చూశాడు. తరవాత కర్రతో చూపించాడు. "అదుగో, ఆ తెల్లచార పైన. పొద్దు మునిగినాక వస్తది. మా కుక్క మీ మీద మొరిగింది చూశావా, దానిమీద మొరగదు."

ఎక్కడో చెప్పను. ఆ పెద్దాయన నాకు చెప్పాడు కదా, నువ్వెందుకు చెప్పవని అడగొచ్చు. ఆయన చెప్పింది ఎదురుగా నిలబడ్డ ఒక్క మనిషికి. నేనిక్కడ రాస్తే అమావాస్యకి గూబ గోళ్ళు కొనేవాడు కూడా చదువుతాడు. దీపావళి ముందు రోజుల్లో క్షుద్రపూజల పేరుతో వీటిని పట్టి అమ్మేవాళ్ళు ఉన్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద గుడ్లగూబల్ని పట్టడం, అమ్మడం, చంపడం నేరం. మీ చోటు మీరే వెతుక్కోండి. దొరికాక మీరూ ఎవరికీ రాయకండి. ఫోనుతో తీసిన ఫొటోలో చోటు వివరం కూడా నమోదవుతుంది, పంపే ముందు అది ఆపేయండి.

ఏం పట్టుకెళ్ళాలి

తక్కువే. మట్టిరంగు చొక్కా, నిండు ప్యాంటు, బూట్లు. చెప్పులు వద్దు, రాళ్ళ సందుల్లో తేళ్ళుంటాయి. మంచినీళ్ళు. టార్చి ఒకటి, దాని మూతికి ఎర్ర జిలుగు కాగితం రబ్బరు బ్యాండుతో కట్టండి. అది దారి చూసుకోవడానికే. తోడుగా ఒక మనిషి, మాట్లాడకుండా గంట కూర్చోగల మనిషి. అలాంటివాళ్ళు బైనాక్యులర్ కంటే అరుదు.

బైనాక్యులర్ కొనాలంటే 8×42 తీసుకోండి. మొదటి అంకె ఎన్నింతలు దగ్గరగా చూపిస్తుందో చెబుతుంది, రెండోది ముందున్న అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో. సంజె చీకట్లో పనికొచ్చేది ఆ వెడల్పే. పది రెట్లు, ఇరవై రెట్లు అని ఊరించే చిన్నవి ఆ వేళకి నల్లగా తప్ప ఏమీ చూపించవు. కొనలేకపోతే మానేయండి, నేను మొదటి గూబని ఉత్త కళ్ళతోనే చూశాను.

ఒక వారం ముందు నుంచి చెవికి అలవాటు చేసుకోండి. మెర్లిన్ అనే ఉచిత యాప్‌లో దీని పలుకు వినొచ్చు. రెండు ముక్కల పలుకు: మొదటిది పొట్టిగా, రెండోది సాగదీసినట్టు, "బు... బోఓ". ఖాళీ బిందె మూతిలో నోరు పెట్టి పలికినట్టుంటుంది. ఇంట్లో వినండి. కొండ దగ్గర మాత్రం ఆ యాప్ తెరవకండి, ఎందుకో కింద చెబుతాను.

ఆ సాయంత్రం

జనవరి నెలాఖరులో మనకి ఆరు దాటాక పొద్దు మునుగుతుంది. మీరు ఐదుంబావుకల్లా కూర్చుని ఉండాలి. బండి దూరంగా పెట్టండి, ఊళ్ళోనైతే ఇంకా మంచిది. పొలం ఎవరిదైతే వాళ్ళకో మాట చెప్పి గట్టు మీదుగా నడవండి. తెల్లచార ఉన్న రాతికి కనీసం వంద మీటర్ల దూరంలో, వెనక ఏ పొదో బండో ఉండేలా కూర్చోండి. ఆకాశం ముందు మీ తల నిలువుగా కనపడకూడదు. పడమర మీ ముందుంటే బాగు, చివరి వెలుగులో రాతి అంచు స్పష్టంగా తెలుస్తుంది.

ఫోను ఆపేయండి. సైలెంట్ కాదు, ఆపేయండి. నా మొదటి ప్రయత్నం ఆరింటికి మా యజమాని చేసిన ఫోనుతో పోయింది. తేజ రకం మిర్చి ఎన్ని బస్తాలు లోడయ్యాయని. రెండోది నా దగ్గుతో పోయింది.

ఇక కూర్చోవడమే. మొదట పావుగంట కాలు జివ్వుమంటుంది, దోమ కుడుతుంది, ఈ పని ఎందుకు పెట్టుకున్నానా అనిపిస్తుంది. తరవాత పిట్టలు మిమ్మల్ని మర్చిపోతాయి. కౌజులు పిలుచుకుంటాయి. గోరింకలు గుంపుగా ఊరి చెట్ల వైపు పోతాయి. చిట్టచివరగా, చీలిన తోక ఉండే నల్లపిట్ట ఏట్రింత ఒకటి కరెంటు తీగ మీంచి రెండు పురుగుల్ని పట్టుకుని సద్దుమణుగుతుంది. అది సద్దుమణిగిందంటే లెక్కపెట్టుకోవడం మొదలెట్టండి, వేళ దగ్గరపడింది.

అప్పుడు కళ్ళతో వెతకడం మానేసి రాతి పైఅంచు మొత్తాన్ని ఒకేసారి చూస్తూ ఉండండి, దేనిమీదా చూపు నిలపకుండా. పలుకు వినపడగానే తల తిప్పకండి. మూడుసార్లు విని దిక్కు నిర్ధారించుకున్నాక మెల్లగా తిరగండి. పలికేటప్పుడు దాని గొంతు కింద తెల్లటి మచ్చ ఉబ్బుతుంది. మసక వెలుగులో ముందు ఆనేది ఆ తెలుపే.

నా మూడో సాయంత్రం పలుకే వినపడలేదు. ఆరున్నర కావొస్తోంది, లేద్దామనుకుంటున్నాను. అంచుమీద ఒక రాయి ఉంది, వచ్చినప్పటి నుంచీ దాన్ని చూస్తూనే ఉన్నాను. కుండ బోర్లించినట్టున్న మామూలు రాయి. ఆ రాయి తల తిప్పింది. ఒళ్ళు కదల్లేదు, తల ఒక్కటే నా వైపు తిరిగి ఆగింది. రెండు కుచ్చులు లేచాయి. గంటకి పైగా నేను దాన్ని వెతుకుతున్నాననుకున్నాను. అది నన్ను చూస్తూ కూర్చుని ఉంది.

గూబ కళ్ళు మన కళ్ళలా గుంతలో తిరగవు, బిగించినట్టుంటాయి. పక్కకి చూడాలంటే మెడ తిప్పాల్సిందే. అందుకే మెడలో మనకి 7 ఎముకలుంటే దానికి 14. ఒక వైపుకి 270 డిగ్రీల దాకా తిప్పగలదు. ఇది నాకు ముందే తెలుసు, చదువుకున్నాను. అయినా ఆ క్షణంలో నా వీపుమీద వెంట్రుకలు లేచాయి.

తరవాత అది ముందుకి వంగి జారింది. మా ఇద్దరి మధ్య ఉన్న చేనుమీదుగా, నిలువెత్తు పైన, రెక్కలు చాచి నిదానంగా వచ్చి పక్కనే ఉన్న స్తంభం ఎక్కింది. అంత పెద్ద పిట్ట, చప్పుడే లేదు. పావురం లేస్తే పటపటమంటుంది కదా, అదైనా లేదు. రెక్క ముందు ఈకకి దువ్వెన పళ్ళలాంటి అంచు ఉంటుంది. అది గాలిని చీల్చి చప్పుడు పుట్టకుండా చేస్తుంది. ఎలుకకి తెలిసేలోపే గోళ్ళు దిగుతాయి. ఆ చేను రైతు ఎలుకలు పట్టేవాళ్ళకి ఎలుకకి ఇంతని లెక్కగట్టి ఇస్తుంటాడు. ఈ మనిషికి మాత్రం కూలీ లేదు, పైగా తిట్లు.

కనపడ్డాక చేయకూడనివి

లేచి నిలబడకండి. దగ్గరికి నడవకండి. మీరు పది అడుగులు వేస్తే అది అర కిలోమీటరు పోతుంది. టార్చి దాని కళ్ళలో వేయకండి, ఫ్లాష్ కొట్టకండి. చీకటికి విప్పారిన కంట్లో ఆ వెలుగు పడితే కాసేపు దానికి దారి తెలీదు, అక్కడ తీగలున్నాయి. ఎగరడం చూద్దామని రాయి విసిరే మిత్రుడు మీకుంటే అతన్ని మళ్ళీ తీసుకెళ్ళకండి.

యాప్‌లో పలుకు ఎందుకు వేయొద్దన్నానంటే, అది విని తన హద్దులోకి ఇంకో మగగూబ వచ్చిందనుకుంటుంది. వేట మానేసి, గూడు వదిలేసి దాన్ని తరమడానికి వస్తుంది. మీకు దర్శనం దొరుకుతుంది గానీ ఆ పూట దాని పిల్లలకి తిండి దొరకదు.

గూడంటే పుల్లలతో కట్టినదేమీ ఉండదు. చరియ గూటిలోనో, పొద మొదట్లోనో ఉత్త నేలమీద మూడు నాలుగు గుడ్లు. పొదగడానికి నెల పైనే పడుతుంది, పిల్లలు ఆరు నెలల దాకా తల్లిదండ్రుల మీదే ఆధారపడతాయి. నేలమీద దూది ఉండలా గూబపిల్ల కనపడితే తప్పిపోయిందనుకుని ఇంటికి తెచ్చేస్తారు కొందరు. తప్పిపోలేదు, అది అక్కడే ఉండాలి. మీరే తప్పుకోండి. సంక్రాంతి రోజుల్లో మాంజా తగిలి రెక్క తెగినది కనపడితే మాత్రం తువ్వాలు కప్పి, గాలాడే అట్టపెట్టెలో పెట్టి, నీళ్ళు గానీ తిండి గానీ నోట్లో పెట్టకుండా అటవీ శాఖ వాళ్ళకి కబురు చేయండి. గోళ్ళు జాగ్రత్త, అరచేతిలోకి ఇట్టే దిగుతాయి.

ఫొటో తీయాలా అంటే, మొదటిసారికి వద్దంటాను. ఆ పదినిమిషాల వెలుగులో ఫోనుకి పడేది నల్లమచ్చ. దానికోసం తల వంచారంటే అది ఎగిరిపోయేది మీరు చూడరు. రెండోసారో మూడోసారో తీసుకోండి.

కనపడకపోతే

కనపడకపోవడమే ఎక్కువ. అదే చోటికి వరసగా వెళ్ళకుండా నాలుగైదు రోజులు ఎడం ఇచ్చి మళ్ళీ వెళ్ళండి. మూడుసార్లు పలుకు కూడా వినపడకపోతే చోటు మార్చండి. మధ్యలో ఉత్సాహం తగ్గకుండా వేపచెట్టు కింద పైడికంటెల్ని చూస్తూ ఉండండి. అవి ఎప్పుడూ ఇంటి దగ్గరే ఉంటాయి, అలగవు.

చీకటి చిక్కబడ్డాక, కనపడినా కనపడకపోయినా, ఏడింటికల్లా లేవండి. ఎర్ర కాగితం కట్టిన టార్చి నేలమీదే వేస్తూ, గట్టు మీదే నడుస్తూ బండి దగ్గరికి రండి. కర్రతో నేల తడుతూ వస్తే పాములు తప్పుకుంటాయి. బండి తాళం పెట్టాక వెంటనే కిక్ కొట్టకుండా ఒక్క రెండు నిమిషాలు ఆగండి. మీరు పోయారనుకుని అది మళ్ళీ మొదలుపెడుతుంది. ఓపిగ్గా వింటే, కొండకి అవతలి వైపు నుంచి కాస్త సన్నటి గొంతుతో ఆడది బదులిస్తుంది.